కీవర్డ్‌లతో గూగుల్‌లో పైకి రావడం: తిరుపతి, చిత్తూరు ఉదాహరణలతో ఒక వివరణ

తిరుపతిలో హోమ్‌స్టే నడిపేవాళ్లకైనా, ట్యాక్సీలు తిప్పేవాళ్లకైనా, శ్రీకాళహస్తిలో కలంకారీ చీరలు అమ్మేవాళ్లకైనా ఈమధ్య తరచూ వస్తున్న ఫోన్ ఒకటుంది. "మీ వెబ్‌సైట్‌ని గూగుల్‌లో ఫస్ట్ పేజీలో పెడతాం సార్, నెలకింత ఇవ్వండి" అంటారు. తర్వాత ఒక ఎక్సెల్ షీట్ పంపిస్తారు. అందులో వందలకొద్దీ కీవర్డ్‌లు, ఒక్కోదాని పక్కన ఏవో అంకెలు, ఎరుపూ పచ్చా రంగులు. డబ్బు కట్టేవాళ్లకు ఆ షీట్‌లో ఏముందో అర్థం కాదు, అడిగితే ఇంకో నాలుగు కొత్త పదాలు వినిపిస్తాయి. పైగా ఇప్పుడు గూగుల్‌లో అన్నిటికంటే పైన ఏఐ జవాబులు కనిపిస్తుండటంతో "కీవర్డ్‌ల కాలం అయిపోయింది" అని ఒకరు, "ఇప్పుడే వాటి అవసరం ఎక్కువ" అని ఇంకొకరు చెప్తున్నారు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉండటం వల్లే ఇంత గందరగోళం. అసలు కీవర్డ్ అంటే ఏంటో అక్కడినుంచి మొదలుపెట్టి చూద్దాం.

## కీవర్డ్ అనే పేరుతో మూడు సంగతులు

వెతికేవాళ్లు గూగుల్ పెట్టెలో టైప్ చేసేది, లేదా ఫోన్‌కి చెప్పేది ఒకటి. "తిరుపతి నుంచి కాణిపాకం ట్యాక్సీ ఎంత" అన్నది అలాంటిదే. మనం మన పేజీలో రాసుకునే మాట రెండోది. గూగుల్ ప్రకటనలు ఇచ్చేవాళ్లు డబ్బు పెట్టి వేలంలో పాడుకునే మాట మూడోది. ఈ మూడింటినీ కీవర్డ్ అనే పిలుస్తారు, సగం అపార్థాలు ఇక్కడే పుడతాయి.

ప్రకటనల్లో ఒక మాటకు డబ్బు కడితే, ఆ మాట వెతికినప్పుడు మన ప్రకటన కనిపించే అవకాశం వస్తుంది. ప్రకటన కాని మామూలు ఫలితాల్లో అలాంటి కొనుగోలు లేదు. డబ్బు తీసుకుని అక్కడ ర్యాంకు పెంచే పద్ధతి తమ దగ్గర లేదని గూగుల్ మొదటినుంచీ చెప్తోంది. ఫలానా కీవర్డ్‌కి ఫస్ట్ ర్యాంకు గ్యారంటీ అని ఎవరైనా అన్నారంటే, వాళ్లు తమ చేతిలో లేనిదానికి మాట ఇస్తున్నారు. ఎస్ఈఓ, అంటే గూగుల్ ఫలితాల్లో సైట్‌ని పైకి తెచ్చే పని, చేసేవాళ్లందరూ మోసగాళ్లని ఇక్కడ అర్థం కాదు, నిజాయితీగా చేసేవాళ్లు చాలామందే ఉన్నారు, వాళ్లు గ్యారంటీ అనే మాట వాడరు.

## గూగుల్ మాటల్ని చదివే తీరు ఎలా మారిందంటే

గూగుల్ పనిని మూడు దశలుగా చెప్పుకోవచ్చు. ముందు దాని ప్రోగ్రాములు లింకులు పట్టుకుని పేజీలన్నీ తిరుగుతాయి. చదివిన పేజీల్లో ఏ మాటలున్నాయో, ఏ విషయం ఉందో పుస్తకం చివర ఉండే పదసూచికలా రాసిపెట్టుకుంటాయి. ఎవరైనా వెతికినప్పుడు ఆ సూచికలోంచి సరిపోయే పేజీలు తీసి వరసపెడతాయి. మీ పేజీ సూచికలోకే ఎక్కకపోతే కీవర్డ్‌ల గురించి ఎంత చర్చించినా ఉపయోగం లేదు.

1998లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ గూగుల్ మొదలుపెట్టినప్పుడు వాళ్లు తెచ్చిన కొత్తదనం మాటలు లెక్కపెట్టడంలో లేదు, లింకుల్లో ఉంది. ఒక పేజీకి ఇంకెన్ని పేజీలు లింకు ఇచ్చాయి, ఆ ఇచ్చినవాటికి ఎంత పరపతి ఉంది అన్నది చూడటం వాళ్లు చేసిన పని. అయినా చాలాకాలం మాటల లెక్క కూడా బాగానే పనిచేసింది. అందుకే తెల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద తెల్లటి అక్షరాలతో ఒకే మాట వందసార్లు రాయడం లాంటి పనులు నడిచాయి. పేజీ కోడ్‌లో కీవర్డ్‌ల జాబితా పెట్టే మెటా కీవర్డ్స్ ట్యాగ్ అని ఒకటుండేది. ర్యాంకింగ్‌లో దాన్ని తాము అసలు చూడమని గూగుల్ 2009లోనే బహిరంగంగా చెప్పింది. ఇప్పటికీ ఆ ట్యాగ్ నింపిపెట్టి బిల్లు వేసేవాళ్లున్నారు.

2011లో పాండా అనే మార్పుతో పస లేని పేజీలు, 2012లో పెంగ్విన్ అనే మార్పుతో దొంగ లింకులు, కీవర్డ్‌లు కుక్కిన సైట్లు దెబ్బతిన్నాయి. 2013లో హమ్మింగ్‌బర్డ్ వచ్చాక గూగుల్ విడివిడి మాటలకంటే మొత్తం ప్రశ్న అర్థాన్ని చూడటం మొదలైంది. 2019లో బెర్ట్ అనే భాషా నమూనాను వాడటం మొదలుపెట్టి, అదే ఏడాది చివర తెలుగుతో సహా 70కి పైగా భాషలకు విస్తరించారు. దీనివల్ల "తిరుపతి నుంచి చెన్నై" అని వెతికినవాళ్లకూ "చెన్నై నుంచి తిరుపతి" అని వెతికినవాళ్లకూ తేడా ఉందని యంత్రానికి మెరుగ్గా అర్థమవుతుంది. రెండింటిలో ఉన్నవి అవే మాటలు, కానీ వెళ్లే దిక్కు వేరు.

అంటే పేజీలో ఆ మాట అచ్చం అలాగే ఉండాలన్న నిబంధన సడలింది. పూర్తిగా పోలేదు. పేజీలో "కాణిపాకం" అనే ఊరి పేరే లేకపోతే ఆ ప్రయాణం గురించి రాశారని గూగుల్ ఊహించుకోదు.

## ఒకే మాట వెనక వేరువేరు అవసరాలు

ఆండ్రీ బ్రోడర్ అనే పరిశోధకుడు 2002లో వెతుకులాటల్ని మూడు రకాలుగా విడదీశాడు. ఫలానా సైట్‌కే వెళ్లాలని వెతకడం ఒకటి, ఏదో తెలుసుకోవాలని వెతకడం ఒకటి, కొనడం లాంటి ఒక పని చేయాలని వెతకడం మూడోది. ఎస్ఈఓ వాళ్లు ఇప్పుడు 'ఇంటెంట్' అంటున్నది దీని గురించే.

"కలంకారీ చీర" అన్న మాట తీసుకోండి. శ్రీకాళహస్తిలో బట్టను కరక్కాయ, గేదెపాల ద్రావణంలో ముంచి ఆరబెట్టి, వెదురు కలంతో బొమ్మలు గీసి, సహజ రంగులు వేస్తారు. నల్లరంగు తుప్పుపట్టిన ఇనుము, బెల్లం నీళ్లలో ఊరబెడితే వచ్చే కసిమి. కృష్ణా జిల్లా పెడనలో చేసేది చెక్క అచ్చులతో అద్దే కలంకారీ, దానిదీ వందల ఏళ్ల చరిత్రే. ఇవి రెండూ కాకుండా మిల్లులో యంత్రంతో అచ్చు వేసిన డిజైన్ బట్టను కూడా మార్కెట్లో కలంకారీ అనే అమ్ముతున్నారు. కాబట్టి "కలంకారీ చీర" అని వెతికే వంద మందిలో చాలామందికి కావలసింది తక్కువ ధరలో దొరికే ప్రింటు చీర. ఆ మాటకు గూగుల్ చూపించేవి కూడా ఎక్కువగా పెద్ద షాపింగ్ సైట్లే.

ఇప్పుడు శ్రీకాళహస్తిలో చేత్తో గీసేవాళ్లు ఆ మాట మీదే గురిపెట్టారనుకోండి. ఒకటి, పెద్ద సైట్లను దాటి పైకి రావడం చాలా కష్టం. రెండు, వచ్చినా ఆ జనం ధర చూసి వెనక్కి పోతారు, ఎందుకంటే వారాల తరబడి చేత్తో గీసిన చీర ఆ ధరకు రాదు. అదే "పెన్ కలంకారీ", "హ్యాండ్ పెయింటెడ్ కలంకారీ దుపట్టా", "శ్రీకాళహస్తి కలంకారీ రామాయణం వాల్ హ్యాంగింగ్" అని వెతికేవాళ్లకు తేడా ముందే తెలుసు. వాళ్లు తక్కువమందే ఉంటారు, కానీ సరిగ్గా ఇలాంటి పని కోసమే వస్తారు. "కలంకారీ చీర ఉతకడం ఎలా" అని అడిగేవాళ్లు మూడో రకం. వాళ్లు ఇప్పటికే కొనుక్కున్నారు, వాళ్లకు జవాబు కావాలి, అమ్మకం పేజీ చూపిస్తే ఏమీ ఉపయోగం లేదు.

తిరుపతికి సంబంధించి ఇంకో మాట ఉంది, దాని గురించి గట్టిగానే చెప్పాలి. "తిరుపతి దర్శనం టికెట్ బుకింగ్" అన్నది లెక్కలేనంతమంది వెతికే మాట. అలా వెతికేవాళ్లు వెళ్లాలనుకునేది టీటీడీ అధికారిక సైట్‌కి. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు ఆన్‌లైన్లో టీటీడీ ఇచ్చేది తన సొంత సైట్, యాప్ ద్వారానే. నకిలీ వెబ్‌సైట్ల గురించి భక్తులను అది పదే పదే హెచ్చరిస్తూనే ఉంది. ఒక ట్రావెల్స్ సైట్ ఈ మాటకు ర్యాంకు కోసం ప్రయత్నించడం ఎస్ఈఓ పరంగా వృథా, ఎందుకంటే ఆ ప్రశ్నకు సరైన జవాబు ఒక్కటే ఉంది, అది ఆ ట్రావెల్స్ కాదు. అంతకంటే ముఖ్యంగా, ఎక్కడో దూరం నుంచి పిల్లాజెల్లాతో బయలుదేరిన కుటుంబం అదే అధికారిక సైట్ అనుకుని డబ్బు కట్టే ప్రమాదం ఉంది. "తిరుమలలో రూమ్స్" అన్నదీ ఇలాంటిదే. కొండమీద గదులు టీటీడీవి, మఠాలవి. కింద తిరుపతిలో ఉన్న లాడ్జి ఆ మాట వాడుకుంటే వచ్చినవాళ్లు మోసపోయామనే అనుకుంటారు, అందులో తప్పేం లేదు.

## పెద్ద మాటలా, పొడుగు మాటలా

"తిరుపతి హోటల్స్" లాంటి పొట్టి, పెద్ద మాటల్ని హెడ్ కీవర్డ్‌లంటారు. "తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర తెల్లవారుజామున చెక్‌ఇన్ ఇచ్చే రూమ్" లాంటివాటిని లాంగ్ టెయిల్ అంటారు. ఒక లెక్క వేసి చూద్దాం. ఇవి అర్థమవడానికి అనుకుంటున్న అంకెలే.

"తిరుపతి హోటల్స్" అని నెలకు 50,000 మంది వెతుకుతారనుకుందాం. అక్కడ పైన గూగుల్ సొంత హోటళ్ల పెట్టె, దానికింద పెద్ద బుకింగ్ సైట్లు ఉంటాయి. మీరు మూడో పేజీలో ఉన్నారు. పదివేల మందిలో అయిదుగురు అక్కడిదాకా వచ్చి నొక్కారనుకున్నా నెలకు 25 మంది. వాళ్లూ ధరలు పోల్చుకునేవాళ్లే కాబట్టి అందులో ఒక్క ఫోన్ వస్తే గొప్ప. రెండోవైపు, తెల్లవారుజామున రైలు దిగేవాళ్లు, పెద్దవాళ్లకు లిఫ్ట్ ఉందా అని చూసేవాళ్లు, కారు పెట్టుకునే చోటు కావాలనేవాళ్లు, అలిపిరి మెట్లదారికి దగ్గరగా ఉండాలనేవాళ్లు, ఇలా పది రకాల పొడుగు మాటలకు ఒక్కోదానికి 40 మంది చొప్పున 400 మంది. వాటికి జవాబు సూటిగా ఇచ్చే సైట్లు తక్కువ గనక మీరు పైన ఉన్నారు, నలుగురిలో ఒకరు నొక్కితే 100 మంది, వాళ్లలో పదిమందికి ఒకరు ఫోన్ చేసినా పది ఫోన్లు.

దీనికి ఎదురువాదన కూడా ఉంది, అది తీసిపారేసేది కాదు. పొడుగు మాటల్లో చాలావాటిని నెలకు ఒక్కరు కూడా వెతకకపోవచ్చు, ఊహించి రాసిన పేజీలన్నీ ఖాళీగా ఉండిపోవచ్చు. పైగా గూగుల్ లెక్క ప్రకారం రోజూ జరిగే వెతుకులాటల్లో 15 శాతం అంతకుముందు ఎన్నడూ ఎవరూ వెతకనివే, కాబట్టి పొడుగు మాటలన్నిటికీ జాబితా రాయడం ఎవరివల్లా కాదు. అందుకే అనుభవం ఉన్నవాళ్లు మాటల జాబితా బదులు వచ్చే అతిథులు ఫోన్లో అడిగే ప్రశ్నల జాబితా రాసుకుంటారు. అడిగేవాళ్లు ఉన్న ప్రశ్న వెతికేవాళ్లూ ఉన్న ప్రశ్నే అయ్యే అవకాశం ఎక్కువ.

వెతికేవాళ్ల సంఖ్య తక్కువైనంత మాత్రాన విలువ తక్కువని కూడా అనుకోలేం. చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి కదా. "అసెప్టిక్ తోతాపురి పల్ప్ 14 బ్రిక్స్ 215 కిలోల డ్రమ్" అని టైప్ చేసేవాళ్లు ప్రపంచం మొత్తంమీద వేళ్లమీద లెక్కపెట్టేంతమందే ఉండొచ్చు, కీవర్డ్ టూల్ దాని పక్కన సున్నా చూపించొచ్చు. కానీ తీపి కొలత బ్రిక్స్ ఎంతో, డ్రమ్ము బరువెంతో తెలిసి వెతికేవాళ్లు జ్యూస్ కంపెనీల కొనుగోలుదారులే అయుంటారు, ఒక్క ఆర్డర్ అంటే ఒక కంటైనర్. "మామిడి" అన్న మాటకు లక్షమంది వచ్చినా ఆ ఫ్యాక్టరీకి ఒరిగేదేమీ లేదు.

## బేనీషా అని రాయాలా, బంగినపల్లి అని రాయాలా

చిత్తూరు వైపు రైతు బేనీషా అంటాడు. హైదరాబాద్‌లో కొనేవాళ్లు బంగినపల్లి అని వెతుకుతారు. తోతాపురిని బెంగళూరా అనేవాళ్లున్నారు, కలెక్టర్ కాయ అనేవాళ్లున్నారు. తోట నుంచి నేరుగా పళ్లు పంపించే సైట్‌లో బేనీషా అని మాత్రమే రాస్తే ఊళ్లోవాళ్లకు అర్థమవుతుంది, డబ్బు పెట్టి కొనే నగరంవాళ్లకు కనిపించకపోవచ్చు. "మా వైపు బేనీషా అనే బంగినపల్లి" అని ఒక్కసారి రాస్తే రెండు మాటలూ సహజంగా వచ్చేస్తాయి, చదివేవాళ్లకు కొత్త సంగతి కూడా తెలుస్తుంది.

ఊరి పేర్ల సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. ఇంగ్లీష్ అక్షరాల్లో తిరుపతి చివర టి, ఐ అని రాసేవాళ్లు కొందరు, మధ్యలో హెచ్ పెట్టేవాళ్లు కొందరు, మొదట్లో కూడా హెచ్ పెట్టేవాళ్లు ఇంకొందరు. తమిళనాడు నుంచి వచ్చే భక్తుల్లో హెచ్ పెట్టే అలవాటు ఎక్కువ. ఉత్తరాదివాళ్లు బాలాజీ అని వెతుకుతారు. ఇలాంటి స్పెల్లింగ్ తేడాలు ఒకే ఊరివని గూగుల్ చాలావరకు గుర్తుపడుతుంది కాబట్టి అన్ని స్పెల్లింగులూ పేజీ అడుగున వరసగా పేర్చడం అనవసరం, చూసేవాళ్లకు వికారంగా కూడా ఉంటుంది. జిల్లా పేరు విషయం వేరు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడ్డాక శ్రీకాళహస్తి, చంద్రగిరి అందులోకి వచ్చాయి, నెల్లూరు జిల్లాలో ఉండిన వెంకటగిరి కూడా వచ్చింది. కాణిపాకం, పలమనేరు, కుప్పం చిత్తూరు జిల్లాలోనే ఉన్నాయి. పాత అలవాటుతో "చిత్తూరు జిల్లా శ్రీకాళహస్తి" అని వెతికేవాళ్లు ఇంకా ఉంటారు, చిరునామా మాత్రం కొత్త జిల్లాతో సరిగ్గా ఉండాలి.

తెలుగులో రాయాలా ఇంగ్లీష్‌లో రాయాలా అన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. తెలుగువాళ్లు చాలామంది "తిరుపతి లో రూమ్స్" అన్నదాన్ని ఇంగ్లీష్ అక్షరాలతోనే కొడతారు. నోటితో చెప్పి వెతికేటప్పుడు తెలుగు లిపి వస్తుంది. ఇంగ్లీష్ పేజీకి పోటీ ఎక్కువ, చూసే జనమూ ఎక్కువ. తెలుగు పేజీలు తక్కువ కాబట్టి పోటీ తక్కువ, కానీ కీవర్డ్ టూల్స్‌లో తెలుగు మాటల పక్కన అంకెలు చాలాసార్లు ఖాళీగానే ఉంటాయి, అందుకని తెలుగులో వెతికేవాళ్లే లేరని తేల్చేస్తే తప్పు. తమిళనాడు, కర్ణాటక భక్తుల మీద ఆధారపడే ట్యాక్సీవాళ్లకు ఇంగ్లీష్ తప్పదు. రైతులకు మామిడి తెగుళ్ల గురించి చెప్పే సైట్‌కు తెలుగు తప్పదు. రెండు భాషలూ ఒకే పేజీలో కలగాపులగం చేయకుండా వేరువేరు పేజీలుగా పెట్టుకుంటే ఏ పేజీ ఏ భాషదో గూగుల్‌కు తేలిగ్గా తెలుస్తుంది.

తెలుగు పేజీ అడ్రస్ విషయంలో ఒక చిక్కుంది. "తిరుపతి" అన్న మాట కంప్యూటర్‌లో త, గుడి, ర, కొమ్ము, ప, త, గుడి అని ఏడు గుర్తులుగా నిలవ ఉంటుంది. ఒక్కో గుర్తుకు మూడు బైట్లు, ఒక్కో బైటును వెబ్ అడ్రస్‌లో ఒక శాతం గుర్తు, దాని పక్కన రెండు అక్షరాలుగా రాస్తారు. అంటే గుర్తుకు తొమ్మిది చొప్పున మొత్తం 63 అక్షరాలు. బ్రౌజర్‌లో చక్కగా తెలుగే కనిపిస్తుంది, లింకు కాపీ చేసి వాట్సాప్‌లో పెట్టేసరికి శాతం గుర్తుల బారు వచ్చిపడుతుంది, చూసినవాళ్లు అదేదో వైరస్ అనుకుని నొక్కరు. గూగుల్‌కైతే తెలుగు అడ్రస్ వల్ల ఇబ్బంది లేదు, చదివేవాళ్ల భాషలో అడ్రస్ పెట్టుకోవచ్చనే అది చెప్తుంది. అందుకే చాలామంది పేజీ మొత్తం తెలుగులో రాసి, అడ్రస్ మాత్రం పొట్టిగా ఇంగ్లీష్ అక్షరాల్లో పెడతారు. అడ్రస్‌లో, డొమైన్ పేరులో కీవర్డ్ ఉండటం వల్ల ర్యాంకుకు వచ్చే లాభం దాదాపు ఏమీ లేదని గూగుల్ తన మార్గదర్శకంలోనే రాసింది.

## టూల్స్ చూపించే అంకెల్లో ఏది ఏంటి

గూగుల్ కీవర్డ్ ప్లానర్ ఉచితమే, గూగుల్ యాడ్స్ ఖాతా ఉంటే చాలు. అయితే పెద్దగా ప్రకటనలు ఇవ్వనివాళ్లకు అది కచ్చితమైన సంఖ్య చూపించదు, వంద నుంచి వెయ్యి అన్నట్టు విశాలమైన శ్రేణి చూపిస్తుంది. అందులో 'కాంపిటీషన్' అని ఒక వరస ఉంటుంది, చాలామంది పొరబడేది అక్కడే. అది ప్రకటనలు ఇచ్చేవాళ్ల మధ్య పోటీ. మామూలు ఫలితాల్లో పైకి రావడం ఎంత కష్టమో అది చెప్పదు. ఎక్సెల్ షీట్‌లో "లో కాంపిటీషన్" అని పచ్చరంగు వేసి ఇది సులువు అని చూపిస్తే, అంకె ఎక్కడినుంచి తెచ్చారో ముందు అడగాలి.

అహ్రెఫ్స్, సెమ్‌రష్ లాంటి ప్రైవేటు టూల్స్ 'కీవర్డ్ డిఫికల్టీ' అని ఇచ్చే మార్కు వాళ్ల సొంత లెక్క. గూగుల్‌కు దానితో సంబంధం లేదు. ఒకే మాటకు రెండు టూల్స్‌లో రెండు మార్కులు రావడం అందుకే. గూగుల్ ట్రెండ్స్‌లో కనిపించే 100 అంటే వందమంది అని కాదు, ఎంచుకున్న కాలంలో ఆ మాట మీద ఆసక్తి అత్యధికంగా ఉన్న క్షణం అని. బ్రహ్మోత్సవాలకు, వైకుంఠ ఏకాదశికి, మామిడి సీజన్‌కు ఏ మాట ఎప్పుడు లేస్తుందో చూడటానికి అది బాగా పనికొస్తుంది.

వీటన్నిటికంటే నమ్మదగింది, సైట్ యజమానుల కోసం గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్ అనే టూల్, ఎందుకంటే అందులో ఉండేవి మీ సైట్ సొంత అంకెలు. ఏ మాట వెతికినప్పుడు మీ పేజీ ఎన్నిసార్లు కనిపించింది, ఎంతమంది నొక్కారు, సగటు స్థానం ఎంత అన్నవి చూపిస్తుంది. ఆ సగటును కూడా జాగ్రత్తగా చదవాలి. తిరుపతిలో వెతికిన పదిసార్లు మీరు 2వ స్థానంలో, బెంగళూరులో వెతికిన పదిసార్లు 38వ స్థానంలో కనిపించారనుకోండి. సగటు 20 అని చూపిస్తుంది. ఆ ఇరవయ్యో స్థానంలో మీరు ఎప్పుడూ, ఎవరికీ కనిపించలేదు.

## పేజీలో మాట ఎక్కడుంటే బరువు, ఎన్నిసార్లుంటే చాలు

పేజీ టైటిల్, పైన పెద్ద అక్షరాల శీర్షిక, లోపలి ఉపశీర్షికలు, బొమ్మ గురించి రాసే చిన్న వివరణ, లింకు మీద ఉండే మాటలు, వీటిని చూసి పేజీ దేని గురించో గూగుల్ అంచనా వేస్తుంది. ఫలితం కింద కనిపించే రెండు లైన్ల మెటా డిస్క్రిప్షన్ ర్యాంకు పెంచదు, నొక్కాలా వద్దా అని మనిషి నిర్ణయించుకోవడానికి పనికొస్తుంది. నూటికి ఇన్నిసార్లు కీవర్డ్ ఉండాలి అనే డెన్సిటీ లెక్క ఇంకా తిరుగుతోంది గానీ, అలాంటి శాతం ఏదీ గూగుల్ దగ్గర లేదు. కుక్కడం మాత్రం దాని స్పామ్ నిబంధనల కిందకే వస్తుంది.

"తిరుపతి ట్యాక్సీ కావాలా? మా తిరుపతి ట్యాక్సీ సర్వీస్ తిరుపతిలో బెస్ట్ ట్యాక్సీ, తక్కువ ధరకు తిరుపతి ట్యాక్సీ బుక్ చేయండి." ఇందులో మాట నాలుగుసార్లు ఉంది, తెలిసింది ఏమీ లేదు. "రేణిగుంట ఎయిర్‌పోర్ట్ నుంచి తిరుపతి మీదుగా కొండపైకి నేరుగా దింపుతాం, అలిపిరి దగ్గర తనిఖీకి అందరూ దిగాలి, సామాను స్కానింగ్ అవుతుంది కాబట్టి రద్దీ రోజుల్లో కాస్త సమయం ముందే ఉంచుకోండి, వెయిటింగ్ చార్జీ గంటకు ఇంత." ఇందులో ట్యాక్సీ అన్న మాటే లేదు, టైటిల్‌లో ఒక్కసారి ఉంటే చాలు, మిగతాదంతా ఆ పనిమీద వచ్చినవాళ్లకు కావలసిన సమాచారం.

## ఒక్కో మాటకు ఒక్కో పేజీ కట్టడం మంచిదేనా

దీనిమీద ఎస్ఈఓ వాళ్లలోనే రెండు వర్గాలున్నాయి. ఒక్కో మాటకు ఒక్కో పేజీ ఉంటే సూటిగా ఉంటుందని ఒక వర్గం. దగ్గరి మాటలన్నిటికీ కలిపి ఒకే బలమైన పేజీ ఉండాలని రెండో వర్గం. గూగుల్ అర్థాన్ని చదవడం నేర్చుకున్నాక రెండోవాళ్ల మాటకు బలం పెరిగింది, "తిరుపతి క్యాబ్స్", "తిరుపతి ట్యాక్సీ", "తిరుపతి కార్ రెంటల్" అని మూడు పేజీలు కడితే అవి ఒకదానికొకటి పోటీ పడతాయి, ఏది చూపించాలో గూగుల్‌కూ తేలదు.

కానీ "తిరుపతి నుంచి కాణిపాకం", "తిరుపతి నుంచి శ్రీకాళహస్తి" అన్నవి నిజంగా వేరువేరు ప్రయాణాలు. శ్రీకాళహస్తికి రాహు కేతు పూజ కోసం వెళ్లేవాళ్ల సందేహాలు వేరు, కాణిపాకం చూసుకుని అటునుంచి అటే వేలూరు గోల్డెన్ టెంపుల్‌కు వెళ్లేవాళ్ల లెక్క వేరు. ఆ తేడా పేజీలో కనిపిస్తే రెండు పేజీలూ న్యాయమే. అదే పేరాలో ఊరి పేరు మాత్రం మార్చి నలభై పేజీలు కడితే అవి డోర్‌వే పేజీలు, అంటే జనాన్ని సైట్‌లోకి లాగడానికే కట్టిన పేజీలవుతాయి, గూగుల్ వాటిని స్పామ్‌గానే చూస్తుంది. 2024 మార్చిలో కుప్పలుతెప్పలుగా తయారుచేసే పేజీల మీద నిబంధనలు ఇంకా బిగించారు, అవి మనిషి రాసినా ఏఐ రాసినా వర్తిస్తాయి.

## మ్యాప్‌లో వచ్చే మూడు పేర్లకు లెక్క వేరు

"దగ్గర్లో టిఫిన్", "ట్యాక్సీ నియర్ మీ" అని వెతికితే పైన మ్యాప్, దానికింద మూడు పేర్లు వస్తాయి. అక్కడ గూగుల్ చూసేవి వెతికినదానికి ఎంత సరిపోతుంది, ఎంత దూరం, ఎంత పేరున్న వ్యాపారం అనే మూడు. దూరం ఫోన్ లొకేషన్ నుంచి వస్తుంది కాబట్టి పేజీలో "నియర్ మీ" అని రాసుకోవడం వల్ల దూరం ఏమీ తగ్గదు. మ్యాప్‌లో మన వ్యాపారం వివరాలు చూపించే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో పేరు పక్కన "బెస్ట్ ట్యాక్సీ ఇన్ తిరుపతి" అని తగిలించేవాళ్లకు కొంతకాలం లాభం కనిపిస్తోందని ఈ రంగంలో పనిచేసేవాళ్లు అంటుంటారు. బోర్డు మీద ఉన్న అసలు పేరే పెట్టాలన్నది గూగుల్ నిబంధన, ఫిర్యాదు వస్తే ప్రొఫైల్ నిలిపివేయొచ్చు, దాంతోపాటు ఏళ్లుగా కూడబెట్టుకున్న రివ్యూలూ కనిపించకుండా పోతాయి. ఆ లాభం ఆ నష్టానికి సరితూగుతుందని నాకైతే అనిపించదు.

## ఏఐ జవాబులు వచ్చాక కీవర్డ్‌ల పరిస్థితి

ఫలితాల పైన జవాబు సారాంశంగా కనిపించే గూగుల్ ఏఐ ఓవర్‌వ్యూలు 2024 మే నెలలో అమెరికాలో, ఆగస్టులో మన దేశంలో మొదలయ్యాయి. ప్రశ్నకు జవాబు అక్కడికక్కడే దొరికితే సైట్‌కు ఎవరొస్తారన్నది సైట్లవాళ్ల భయం. అమెరికాలో ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే పరిశోధన సంస్థ 2025లో ప్రచురించిన పరిశీలనలో, ఏఐ సారాంశం కనిపించినప్పుడు జనం మామూలు లింకు నొక్కింది 8 శాతం సార్లు, కనిపించనప్పుడు 15 శాతం సార్లు. ఆ పరిశీలన పద్ధతి సరికాదని గూగుల్ అంటోంది, సైట్లకు వెళ్లే క్లిక్కులు మొత్తంమీద నిలకడగానే ఉన్నాయని, వచ్చేవాళ్లు ఇంకా శ్రద్ధగా చదువుతున్నారని దాని వాదన. వార్తా సంస్థలు, చిన్న సైట్లు ఈ వాదనను ఒప్పుకోవడం లేదు.

ఏఐ జవాబుల్లో కనిపించడానికి ప్రత్యేకమైన ట్యాగులుగానీ వేరే కీవర్డ్‌లుగానీ అవసరం లేదని, మామూలు ఎస్ఈఓ సరిపోతుందని గూగుల్ చెప్తోంది. గూగుల్‌లోనే చాట్‌లా ప్రశ్నలడిగే ఏఐ మోడ్‌లో ఒక ప్రశ్న అడిగితే లోపల అది దాన్ని చాలా చిన్న ప్రశ్నలుగా విడగొట్టి వెతుకుతుంది. "అమ్మానాన్నలతో రెండు రోజుల తిరుపతి యాత్ర, మోకాళ్ల నొప్పులున్నాయి" అని అడిగితే లిఫ్ట్ ఉన్న గది, వీల్‌చైర్, కొండపైకి వాహనం, శ్రీకాళహస్తి దూరం, ఇవన్నీ విడివిడిగా వెతకొచ్చు. అలాంటప్పుడు "బెస్ట్ హోటల్ ఇన్ తిరుపతి" అని పదిసార్లు రాసిన పేజీకంటే లిఫ్ట్ ఉందో లేదో, గుమ్మం దగ్గర ఎన్ని మెట్లో రాసిన పేజీయే దొరికే అవకాశం ఎక్కువ.

ఏఐ ఓవర్‌వ్యూలో మీ సైట్ కనిపించిన లెక్కను సెర్చ్ కన్సోల్ మామూలు వెబ్ ఫలితాలతో కలిపే చూపిస్తుంది, కాబట్టి క్లిక్కులు ఎందుకు తగ్గాయో మొత్తం అంకె చూస్తే తెలియదు. పేజీల వారీగా విడగొట్టి చూస్తే మాత్రం కొంత పోలిక దొరుకుతుంది. కలంకారీ సైట్ ఉదాహరణే తీసుకుంటే, "చీర ఉతకడం ఎలా" పేజీ కనిపించడం అలాగే ఉండి నొక్కేవాళ్లు సగానికి పడిపోయి, చేత్తో గీసిన దుపట్టాల పేజీకి వచ్చేవాళ్లు మాత్రం అంతేమంది ఉన్నారనుకోండి. అప్పుడు ఏఐ జవాబు తీసుకుపోయింది చదివేవాళ్లను, కొనేవాళ్లు ఇంకా వస్తూనే ఉన్నారు.